తెలుగు వికీపీడియాలో వేరేవాళ్ళ ఫోటో తీసేసి మనది పెట్టేటప్పుడు: అడగాలా, చెప్పాలా, ఏదీ అక్కర్లేదా?

చింతచిగురు
కాకతీయుల కాలపు గుడి ఒకటి, ఊరి పేరు ఎందుకులెండి. తెవికీ (తెలుగు వికీపీడియా) వ్యాసం సమాచారపెట్టెలో, అంటే పైన పక్కన ఉండే వివరాల పెట్టెలో, 2013 నుంచి నేను తీసిన ఫోటో ఉండేది. మొన్న చూస్తే అది లేదు, వేరేది ఉంది. దిద్దుబాటు సారాంశం (ఏం మార్చారో, ఎందుకో రాసే వరుస) ఖాళీ. చర్చా పేజీలో ఒక్క ముక్క లేదు. కొత్త ఫోటో రాత్రి రంగు దీపాల వెలుగులో తీసింది, ఊదా, నారింజ కలిసిపోయి గుడి పెళ్ళి పందిరిలా ఉంది. కింద వ్యాఖ్య మాత్రం నేను రాసిందే: "తూర్పు వైపు నుంచి ఆలయం". ఈ ఫోటో తీసింది దక్షిణం వైపు నుంచి.

కడుపు మండింది మాత్రం రెండోదానికి. కామన్స్‌లో (అన్ని వికీపీడియాలకీ ఉమ్మడి బొమ్మల నిల్వ) నేను ఎక్కించిన ఒక చెరువు ఫోటో. ఫైలు పేరు అదే, రచయితగా నా పేరు అలాగే ఉంది, తేదీ 2013 అనే ఉంది, బొమ్మ మాత్రం వేరేది! కట్ట మీద కొత్త రెయిలింగుతో సహా. 2013లో ఆ రెయిలింగే లేదు.

లైసెన్సు ఇచ్చేశాక ఫోటో నా సొత్తు కాదని తెలుసు. కానీ ఒక పద్ధతంటూ ఉండాలి కదా? మార్చేముందు అడగాలా, మార్చాక చెప్పాలా, అసలేమీ అక్కర్లేదా?

పిక్సెల్ పంతులు
ఈ రెంటినీ ఒకే గాటన కట్టకండి. మొదటిది వ్యాసంలో ఫోటో మార్చడం. మీ ఫైలు కామన్స్‌లో చెక్కుచెదరకుండా ఉంది, వ్యాసంలో ఒక వరుస మారింది, అంతే. వెనక్కి తిప్పాలంటే ఒక్క నొక్కు. దానికి ముందస్తు అనుమతి అనే నియమం ఎక్కడా లేదు.

రెండోది ఫైలు మీద ఫైలు ఎక్కించడం, ఓవర్‌రైట్. అది మర్యాద సంగతి కాదు, కామన్స్‌లో దానికి రాతపూర్వకంగా మార్గదర్శకం ఉంది. అదే బొమ్మకి చిన్న మెరుగు అయితేనే పాత పేరు మీద ఎక్కించాలి. అంచున ఉన్న తెల్ల పట్టీ కత్తిరించడం, ఒక డిగ్రీ ఒరిగిన గోపురాన్ని నిలబెట్టడం, స్కాన్‌లో పడిన దుమ్ము తీయడం, అదే ఫోటోని ఇంకా పెద్ద రిజల్యూషన్‌లో ఇవ్వడం, ఇలాంటివి. వేరే రోజు, వేరే కెమెరాతో తీసిన వేరే ఫోటో ఎంత బాగున్నా కొత్త పేరుతోనే ఎక్కించాలి.

ఎందుకంటే వివరణ పేజీలో రచయిత, తేదీ, లైసెన్సు, అక్షాంశ రేఖాంశాలు అన్నీ పాత ఫోటోవి. బొమ్మ మార్చిన క్షణం అవన్నీ అబద్ధాలవుతాయి. రేపు ఎవరో పత్రికలో ఆ రెయిలింగు ఫోటో వేసుకుని కింద మీ పేరు రాస్తారు. మీరు తీయని ఫోటోకి మీ పేరు, తీసినాయనకి ఏమీ లేదు.

కొత్తచేయి
ఓహో, అందుకేనా ఫైలు పేజీలో "కొత్త కూర్పును ఎక్కించండి" అని లింకు ఉంటే అందరూ అరుస్తారు! నేను అది ఫోటో మార్చడానికే ఉంది అనుకున్నాను.

ఓరుగల్లు పోరడు
అందరు గట్లనే అనుకుంటరు. లింకు పేరే గట్లున్నది మరి.

మూసల మేస్త్రి
చింతచిగురు గారూ, ఆ చెరువు ఫైలు పేజీలో కిందికి వెళ్ళి ఫైలు చరిత్ర చూడండి. ఎప్పుడు మార్చారు?

చింతచిగురు
2021లో! నాలుగైదేళ్ళుగా అలాగే ఉందన్నమాట. చెరువు వ్యాసం నా వీక్షణ జాబితాలోనే (మార్పులు గమనించే జాబితా) ఉంది, ఒక్కసారి కూడా కనిపించలేదే?

మూసల మేస్త్రి
కనిపించదు. కామన్స్‌లో ఫైలు మారితే తెవికీ వ్యాసంలో ఒక్క అక్షరం కూడా మారదు కాబట్టి తెవికీ వీక్షణ జాబితాకి ఆ సంగతి తెలియదు. కామన్స్‌లో లాగిన్ అయి ఆ ఫైలునే అక్కడి వీక్షణ జాబితాలో పెట్టుకోవాలి. రోజూ అక్కడికి వెళ్ళేవాళ్ళు కాకపోతే కామన్స్ అభిరుచుల్లో (సెట్టింగుల్లో) "నా వీక్షణ జాబితాలోని పేజీ గానీ ఫైలు గానీ మారితే ఈమెయిలు పంపు" అనేదానికి టిక్కు పెట్టుకోండి.

ఇలాంటిదే ఇంకొక తలుపుంది, వికీడేటా, అన్ని భాషల వికీపీడియాలూ పంచుకునే సమాచార నిల్వ. కొన్ని సమాచారపెట్టెలు ఫోటోని వ్యాసం నుంచి కాక వికీడేటాలోని పీ18 అనే ధర్మం నుంచి తెచ్చుకుంటాయి. వ్యాసం దిద్దుబాటు పెట్టె తెరిస్తే బొమ్మ పేరే కనబడదు, పేజీలో మాత్రం బొమ్మ ఉంటుంది. అక్కడ ఎవరైనా మారిస్తే తెలుగుతో పాటు దాన్ని వాడుకునే భాషలన్నిట్లో ఒకేసారి మారిపోతుంది. తెవికీ వీక్షణ జాబితా అభిరుచుల్లో వికీడేటా దిద్దుబాట్లు చూపించమని ఒక టిక్కు ఉంది, అది పెట్టకపోతే ఇదీ కంటబడదు. మీ గుడి ఫోటో ఈ దారిలో మారిందేమో ముందు చూసుకోండి. తెలుగు వ్యాసానికి వేరే ఫోటో కావాలంటే పీ18తో కుస్తీ పట్టొద్దు, సమాచారపెట్టెలో బొమ్మ పరామితి దగ్గర ఫైలు పేరు నేరుగా రాస్తే వికీడేటాది పక్కకి తప్పుకుంటుంది.

చింతచిగురు
చూశాను, వికీడేటా కాదు. వ్యాసంలోనే మార్చారు.

ఓరుగల్లు పోరడు
అట్లయితే నా మాట జెర కటువుగ ఉంటది, ఏమనుకోకు అన్నా. ఫోటో మార్చే ముంగట అడుగుడెందుకు? గా వ్యాసంల వాక్యం మారిస్తే రాసినోణ్ణి అడుగుతున్నమా? ఫోటో గూడ వాక్యం లెక్కనే. అడుగుడు రివాజు జేస్తే ఏమైతదో తెల్సా, 2009ల ఫోన్‌తోటి తీసిన మసక ఫోటోలు గట్లనే ఉంటయి. తీసినాయన వికీ ఇడిసిపెట్టి పదేండ్లాయె, జవాబెవరిస్తరు? ముంగట మార్చు, సారాంశంల కారణం రాయి, ఎవరన్న వెనక్కి తిప్పితే అప్పుడు చర్చ పెట్టు. గంతే.

గోదారిగట్టు
"గంతే"లో సగం నిజం ఉంది పోరడూ. అడగక్కర్లేదు, ఒప్పుకున్నా. కానీ చెప్పాలి. అడగడం వేరు, చెప్పడం వేరండీ. ఇక్కడ తప్పు ఫోటో మార్చడం కాదు, సారాంశం ఖాళీగా వదిలేయడం. ఖాళీ సారాంశంతో చేసిన మార్పు చూసేవాడికి "నీది బాగోలేదు" అనే వినిపిస్తుంది, చేసినవాడి మనసులో అది లేకపోయినా.

సారాంశం ఇలా రాస్తే చాలు: "సమాచారపెట్టె ఫోటో మార్చాను: పాతదానిలో శిఖరం తెగింది, కొత్తదానిలో గుడి మొత్తం పడింది. పాతదాన్ని శిల్పాల విభాగంలోకి జరిపాను." మూడు ముక్కలు ఉన్నాయి చూడండి, ఏం చేశాను, ఎందుకు చేశాను, పాతది ఏమైంది. మూడోది చాలామంది మర్చిపోతారు. మనిషి కోపం చల్లారేది దానితోనే.

అర్ధరాత్రి దిద్దుబాటు
"మెరుగైన ఫోటో" అని రెండు పదాలు రాసి పారిపోయేవాళ్ళ సంగతి? మెరుగు అన్నది ఎవరు తేల్చారు, కాకా?

పిక్సెల్ పంతులు
అది సారాంశం కాదు, తనకి తాను ఇచ్చుకున్న సన్మానపత్రం.

గోదారిగట్టు
😂 దాని పక్కన శాలువా ఎమోజీ కూడా పెట్టాల్సింది.

చింతచిగురు
సరే, చెరువు ఫైలుని ఎలా సరిచేయాలో ఎవరైనా వరుసగా చెప్పండి. తొందరపడి ఏదో నొక్కి ఇంకా చెడగొడతానేమోనని భయం.

పిక్సెల్ పంతులు
ముందు రెయిలింగు ఫోటోని దించుకోండి. ఫైలు చరిత్రలో 2021 వరుసలో తేదీ మీద నొక్కితే పూర్తి సైజులో తెరుచుకుంటుంది. దానితో ఏం చేయాలో తర్వాత చెప్తాను.

తర్వాత మీ 2013 వరుస పక్కన రివర్ట్ (వెనక్కి తిప్పు) లింకు ఉంటుంది. నొక్కితే వ్యాఖ్య అడుగుతుంది. "పూర్తిగా వేరే ఫోటో, వేరే పేరుతో ఎక్కించాలి" అని రాసి నొక్కండి. పాత బొమ్మ పైకి వస్తుంది, కిందటి రెండు వరుసలూ అలాగే ఉంటాయి, ఏదీ పోదు. ఇప్పుడు కామన్స్‌లో ఆటోపాట్రోల్ హక్కు (నమ్మకస్తులైన వాడుకరులకి ఇచ్చేది) లేనివాళ్ళు ఇతరుల ఫైళ్ళ మీద ఎక్కించబోతే ఒక వడపోత ఆపేస్తుంది, కానీ ఆ ఫైలుని మొదట ఎక్కించింది మీరే కాబట్టి మీకు ఆ అడ్డు ఉండదు.

రివర్ట్ చేశాక కూడా వ్యాసంలో రెయిలింగే కనిపిస్తే కంగారు పడి మళ్ళీ మళ్ళీ నొక్కకండి. ఫైలు చరిత్రలో ఒకే బొమ్మ ఆరుసార్లు పడి ఉండేది అందుకే. పాత నఖలు చిన్న బొమ్మల నిల్వలో ఉండిపోతుంది. ఫైలు పేజీ చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి "యాక్షన్=పర్జ్" అని ఇంగ్లీషు అక్షరాల్లో తగిలించి ఎంటర్ కొట్టండి, వ్యాసం పేజీకి కూడా అదే చేయండి, ఆపైన కంట్రోల్ ఎఫ్5. అప్పటికీ రాకపోతే కాసేపు ఆగండి.

ఇక దించుకున్న ఫోటో. దాన్ని మీరు మళ్ళీ ఎక్కించకండి. ఎక్కించినాయన చర్చాపేజీలో రాయండి: "మీ ఫోటో బాగుంది, కానీ పాత ఫైలు మీద పడింది, దయచేసి కొత్త పేరుతో ఎక్కించండి" అని. ఆయన ఏ లైసెన్సుతో ఇచ్చారో ఎక్కడా రాసి లేదు. పేజీలో ఉన్నది మీ ఫోటోకి మీరిచ్చిన లైసెన్సు. ఆయన తరపున మనం రాసే హక్కు లేదు.

మూసల మేస్త్రి
పంతులు గారు దించుకోమన్నది ఇంకో పనికి కూడా పనికొస్తుంది. ఆ ఫోటో మెటాడేటా చూడండి. కెమెరా వివరాలేవీ లేకుండా, పొడుగువైపు సరిగ్గా 1600 పిక్సెళ్ళు ఉంటే వాట్సాప్ గుండా వచ్చిందేమోనని అనుమానించాలి. మెటాడేటాలో "ఎఫ్‌బీఎండీ" అని మొదలయ్యే పొడుగాటి అక్షరాల తోక ఉంటే ఫేస్‌బుక్ నుంచి దించింది. తీసినవాళ్ళే ఎక్కించారా అన్నది అప్పుడు తేల్చాలి. వేరేవాళ్ళ ఫోటో అయితే రివర్ట్ చేసి వదిలేయకూడదు, ఆ ఒక్క కూర్పునే తొలగించమని కామన్స్ నిర్వాహకులని అడగాలి, లేదంటే చరిత్రలో కాపీహక్కు ఉల్లంఘన అలాగే కూర్చుని ఉంటుంది.

చింతచిగురు
మెటాడేటా ఉంది, ఫోను మోడలు, తేదీ అన్నీ ఉన్నాయి. 4000 పిక్సెళ్ళు. ఆయన తీసిందే అనిపిస్తోంది. రివర్ట్ అయింది, పర్జ్ కూడా చేశాను, కట్ట మళ్ళీ బోడిగా కనబడుతోంది 🙂

కృష్ణాతీరం
ఒక పక్కమాట. ఆ రెయిలింగు ఫోటో కొత్త పేరుతో వస్తే చెరువు వ్యాసంలో దాన్నే పైన పెట్టాలి, మీరు పట్టుబట్టకండి. ఇప్పటి చెరువు ఎలా ఉందన్నది పాఠకుడికి ముందు కావాలి. మీది కిందికి, "2013లో చెరువు కట్ట" అని సంవత్సరంతో. పాత ఫోటోకి విలువ వచ్చేది అక్కడే.

చింతచిగురు
అది నాకూ సమ్మతమే.

కృష్ణాతీరం
ఓవర్‌రైట్‌తో అందరికన్నా ఎక్కువ దెబ్బ తినేది ఫోటోలు కాదు, పటాలు. తెలంగాణ ఏర్పడినప్పుడు 10 జిల్లాలు. 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33. ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26. ప్రతిసారీ ఎవరో ఒకరు ఉత్సాహంగా పాత పటం ఫైలు మీదే కొత్త పటం ఎక్కిస్తారు. 2014 ఎన్నికల వ్యాసంలో "పది జిల్లాల్లో" అని రాసి ఉంటుంది, పక్కన పటంలో 33 గళ్ళు! ఏది నమ్మాలి చదివేవాడు?

పద్ధతి ఏమిటంటే, కొత్త పటానికి కొత్త పేరు, పేరులోనే సంవత్సరం. అప్పుడు ఇప్పటి పరిస్థితి చెప్పే వ్యాసాల్లో మాత్రం వెతికి మార్చాలి. ఫైలు పేజీ అడుగున ఏయే వికీల్లో ఏయే పేజీల్లో వాడుతున్నారో జాబితా ఉంటుంది, అది చూసి ఒక్కొక్కటే. విసుగు పనే. ఎప్పటికప్పుడు మార్చడానికే పెట్టిన పటాలు వేరే ఉంటాయి, వాటి వివరణలో ఆ సంగతి రాసి ఉంటుంది, వాటి మీద ఎక్కించడానికి ఓవర్‌రైట్ అనుమతించే మూస (పేజీలో తగిలించే సిద్ధపు పెట్టె) కూడా ఉంది. అది లేని పటాన్ని ముట్టుకోవద్దు.

మూసల మేస్త్రి
ఇంకా పెద్ద గొడవ స్థానపటాలతో. ఊరి వ్యాసంలో పటం మీద ఎర్ర చుక్క పడుతుంది కదా, ఆ చుక్క బొమ్మలో భాగం కాదు. పటం నాలుగు అంచుల అక్షాంశ రేఖాంశాలు వేరేచోట మాడ్యూల్ అనే కోడు పేజీలో రాసి ఉంటాయి, వాటిని బట్టి లెక్క కట్టి చుక్క పెడుతుంది. ఎవరో అందంగా ఉందని అంచు కొంచెం ఎక్కువ వదిలి కొత్త పటం పైన ఎక్కించారనుకోండి, అంచుల లెక్క తప్పి ప్రతి ఊరూ కాస్త కాస్త జరుగుతుంది. కోనసీమలో అంతర్వేది చుక్క సముద్రంలో తేలుతుంది. ఒక్క ఫైలు మార్పుకి వేల ఊళ్ళు జరుగుతాయి, ఒక్క వ్యాసం చరిత్రలో కూడా జాడ ఉండదు.

అర్ధరాత్రి దిద్దుబాటు
అంతర్వేది వాళ్ళకి తీర్థంలో సముద్రస్నానం కలిసొస్తుంది లెండి.

కొత్తచేయి
నాదో సందేహం. నా దగ్గర పాలపిట్ట ఫోటో ఉంది, చాలా స్పష్టంగా వచ్చింది. వ్యాసంలో ఉన్నది కొంచెం మసక. మార్చేయొచ్చా? సారాంశం రాస్తాను, ఒట్టు.

గోదారిగట్టు
ముందు అది మన పాలపిట్టేనని చూసుకోండి. ఎక్కడ తీశారు? ఈశాన్య రాష్ట్రాల వైపు, ఆపైన థాయ్‌లాండ్ వైపు కనబడేది దగ్గరి చుట్టమే కానీ ఇప్పుడు దాన్ని వేరే జాతిగా లెక్కిస్తున్నారు, శాస్త్రీయనామం కొరాసియాస్ అఫినిస్. మనది కొరాసియాస్ బెంగాలెన్సిస్. మనదానికి గొంతు, రొమ్ము మీద లేత గోధుమ ఛాయలో తెల్లని చారలు ఉంటాయి. అటువైపుదానికి ఆ చారలు ఉండవు, రంగు ముదురు. తెలంగాణ రాష్ట్రపక్షి వ్యాసంలో థాయ్‌లాండ్ పిట్టని పెడితే స్పష్టత ఎక్కువైనకొద్దీ తప్పు ఇంకా స్పష్టంగా కనబడుతుంది.

కొత్తచేయి
నల్గొండ పొలాల్లో తీశాను, చారలు ఉన్నాయి. కానీ ఎగురుతున్నప్పటిది, రెక్కల నీలం మొత్తం కనిపిస్తుంది.

గోదారిగట్టు
అయితే మార్చకండి, చేర్చండి. సమాచారపెట్టెలో పిట్ట కూర్చున్నది ఉండాలి, ముక్కు, కన్ను, కాళ్ళు, పొట్ట కనిపించి గుర్తుపట్టడానికి పనికొచ్చేది. ఎగిరేటప్పుడు రెక్కల్లో కనిపించే నీలం పట్టీల గురించి రాసిన పేరా పక్కన మీది పెడితే అక్కడ దానికి పోటీయే లేదు. ఫోటో మార్చేముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న "నాది బాగుందా" కాదు, "ఈ చోట ఏం చూపించాలి" అన్నది.

పిక్సెల్ పంతులు
దీని మీద నేను కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే తగాదాలన్నీ ఇక్కడే పుడతాయి.

రామప్ప గుడినే తీసుకోండి. తూర్పు ముఖం గుడి, అంటే ముందు వైపు ఎండ పడేది ఉదయం. మధ్యాహ్నం దాటాక ఎదురుగా నిలబడి తీస్తే ముఖద్వారం నీడలో నల్లబడి వెనక ఆకాశం తెల్లగా పాలిపోతుంది. గుడి ఒళ్ళు ఎర్ర ఇసుకరాయి, చూరు కింద మదనికలు (స్త్రీ శిల్పాలు) నల్లరాయి. ఈ రెండు రంగుల తేడా కనబడటమే ఆ గుడి ఫోటోకి ప్రాణం. రంగు దీపాల్లో తీసిన రాత్రి ఫోటోలో ఎర్రరాయీ నల్లరాయీ ఒకే ఊదా ముద్ద. గోడకి పెట్టుకుంటే అద్భుతం, విజ్ఞానసర్వస్వంలో పైన పెట్టడానికి పనికిరాదు. అలాగని తీసిపారేయక్కర్లేదు, పర్యాటకం విభాగంలో దానికి చోటుంది.

ఇంకోటి, ఎంత పెద్ద ఫైలైనా వ్యాసంలో కనబడేది రెండు మూడు వందల పిక్సెళ్ళ వెడల్పులోనే, అదీ ఎక్కువమందికి ఫోనులో. 24 మెగాపిక్సెళ్ళు ఉందని మార్చడం కారణం కాదు. రెండు ఫోటోలనీ ప్రయోగశాలలో (వికీలో మీ సొంత ప్రయోగాల పేజీ) పక్కపక్కనే చిన్న సైజులో పెట్టి మూడు అడుగుల దూరం నుంచి చూడండి. గుడి ఆకారం ఏదానిలో తెలుస్తోందో అదే పైకి. పూర్తి సైజులో తెరిచి మదనిక చెవికమ్మలు లెక్కపెట్టుకునేవాళ్ళు వేరే, వాళ్ళకి కామన్స్ వర్గం మొత్తం ఉంది.

చెవికమ్మలంటే గుర్తొచ్చింది. పాత ఫోటోని ఏఐ పనిముట్లతో పెద్దది చేసి అదే పేరు మీద ఎక్కించడం ఒకటి మొదలైంది. అది మెరుగు కాదు. అరిగిపోయిన శిల్పానికి ఆ పనిముట్టు తనే ముక్కు చెక్కుతుంది, లేని కమ్మలు పెడుతుంది. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి శిల్పి చేయని పని దానిమీద రాసినట్టే. నలుపు తెలుపు ఫోటోలకి రంగులు వేసి పాతదాని మీద ఎక్కించడమూ అంతే, కావాలంటే వేరే పేరు, రీటచ్ చేసినట్టు చెప్పే మూస.

ఓరుగల్లు పోరడు
రామప్ప మాటొచ్చింది గనుక. పాత ఫోటోల పేర్లల్ల, వివరణల్ల వరంగల్ జిల్లా అని ఉంటది. 2016ల గది జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు పోయింది, 2019 నుంచి ములుగు. కొందరు 2013 ఫోటో పేరు మార్చుమని అర్జీ పెడ్తరు. అవసరం లేదు. తీసిననాడు వరంగల్ జిల్లనే. వివరణల "ఇప్పుడు ములుగు జిల్లా" అని ఒక ముక్క చేర్చి, వర్గం మారిస్తే సాలు. పేరు మార్చుడు అచ్చు తప్పులకు, అర్థం లేని "ఐఎంజీ 2047" లాంటి పేర్లకు. తీసినోడే అడిగితే అది వేరే ముచ్చట.

కొత్తచేయి
కత్తిరించడం సంగతి? ఎవరో తీసిన గుంపు ఫోటోలోంచి ఒక్కరిని తీసుకుని వాడాలంటే?

మూసల మేస్త్రి
క్రాప్‌టూల్ వాడండి. కామన్స్ ఖాతాతో అనుమతి ఇచ్చి, ఫైలు పేరు పెట్టి, గీత లాగి, చివర అది అడిగినప్పుడు "కొత్త ఫైలుగా ఎక్కించు" ఎంచుకోండి. అక్కడే చాలామంది కాలు జారేది, పక్కనే ఓవర్‌రైట్ కూడా ఉంటుంది. కొత్త ఫైలుగా ఇస్తే అసలు రచయిత పేరు, లైసెన్సు, అసలు ఫైలుకి లంకె అదే పెడుతుంది. జేపెగ్ అయితే లాస్‌లెస్ పద్ధతి ఎంచుకుంటే మళ్ళీ కుదించదు, నాణ్యత పోదు. కాకపోతే అంచు 8 గానీ 16 గానీ పిక్సెళ్ళ గళ్ళకి సర్దుకుంటుంది కాబట్టి మీరు గీసిన గీతకి వెంట్రుకవాసి అటూఇటూ పడుతుంది.

గుంపు ఫోటో మీదే ఓవర్‌రైట్ చేస్తే మిగతావాళ్ళ వ్యాసాల్లో కూడా ఈయన మొహమే వస్తుంది.

అర్ధరాత్రి దిద్దుబాటు
అది ఓవర్‌రైట్ కాదు, పార్టీ ఫిరాయింపు.

కృష్ణాతీరం
మనుషుల ఫోటోల దగ్గర ఇంకో రెండు మాటలు. బతికున్నవారి వ్యాసంలో ఇప్పటి ఫోటో పైన ఉండటం వాడుక, కానీ ఆటగాళ్ళు, నటుల విషయంలో వాళ్ళు పేరు తెచ్చుకున్న రోజులది పెట్టినా తప్పులేదు. ఇది తగాదా తెచ్చే మార్పు, కాబట్టి ఒక్క ఇక్కడ మాత్రం చర్చా పేజీలో ముందు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి వారం ఆగడం మంచిది. ఎవరూ పలకకపోతే మార్చేయండి. వారం అన్నది చట్టం కాదు, వాడుక.

స్వేచ్ఛా లైసెన్సు ఉన్న ఫోటో దొరికితే మాత్రం వారమెందుకు, గంట కూడా ఆగక్కర్లేదు. సముచిత వినియోగం (కాపీహక్కు ఉన్నదాన్ని పరిమితంగా వాడుకునే వెసులుబాటు) కింద స్థానికంగా ఎక్కించిన పోస్టరు ముక్కనో స్కాన్‌నో తీసి స్వేచ్ఛా ఫోటో పెట్టాల్సిందే. ఆ సముచిత ఫైలు ఏ వ్యాసంలోనూ లేకుండా పోతుంది కాబట్టి తొలగింపు మూస కూడా మీరే పెట్టండి. దీన్ని తిప్పికొట్టడం మాత్రం అమర్యాద.

గోదారిగట్టు
వారం విషయంలో నాకు పేచీ ఉంది. చిన్న వికీ, చర్చా పేజీ చూసేవాళ్ళు ఎందరు? ముందు మార్చి, తీసినవారిని చర్చా పేజీలో పింగ్ చేస్తే (వాళ్ళ వాడుకరి పేరుకి లంకె ఇచ్చి పిలిస్తే) ఆ గంట మోగి చూస్తారు. ఉత్త వారం ఆగడం అంటే గోడకి చెప్పడమే.

కృష్ణాతీరం
పింగ్ చేసి వారం ఆగండి అందాం. సరేనా?

గోదారిగట్టు
సరే. కానీ పింగ్ చేసిన దిద్దుబాటులోనే సంతకం ఉండాలి, లేకపోతే గంట మోగదు. తర్వాత సంతకం అతికిస్తే కూడా మోగదు, కొత్త వ్యాఖ్యగా మళ్ళీ రాయాలి.

ఓరుగల్లు పోరడు
జులై, ఆగస్టుల గమ్మతి చూడాలె. ఫోటోలు లేని వ్యాసాలకు ఫోటోలు పెట్టే పోటీ నడుస్తది గదా, సారాంశంల హ్యాష్‌ట్యాగు తోటి. దాని ఉద్దేశమే ఫోటో లేని పేజీ. కొందరు ఉన్న ఫోటో తీసి తమది పెట్టి గదే హ్యాష్‌ట్యాగు కొడ్తరు. గసొంటిది కనబడితే మొహమాటం లేకుండ రద్దు చేయున్రి. ఊరి వ్యాసంల పక్కూరి బడి ఫోటో పెట్టుడు గూడ అప్పుడే ఎక్కువ, ఒకే పేరు ఊర్లు మన దగ్గర మస్తు. మండలం చూసి పెట్టాలె.

పిక్సెల్ పంతులు
రద్దు చేయండి, కానీ ఒక్కసారే. వాళ్ళు మళ్ళీ పెడితే చర్చా పేజీకి వెళ్ళాలి. 24 గంటల్లో మూడు తిరగవేతలు దాటితే ఎవరి ఫోటో మంచిదన్నది పక్కకి పోయి ఎవరిని నిరోధించాలన్నది ముందుకొస్తుంది. రెండోసారి రోల్‌బ్యాక్ (ఒక్క నొక్కుతో వెనక్కి తిప్పే మీట) నొక్కాలనిపించిన చోట ఆగండి. రోల్‌బ్యాక్ దుశ్చర్యలకి, దానిలో కారణం రాసే వీలుండదు. రద్దు నొక్కి కారణం రాయండి.

చింతచిగురు
గుడి వ్యాసం దగ్గరకి వస్తాను. ఫోటో పెట్టినాయన్ని పింగ్ చేసి చర్చా పేజీలో ఇలా రాశాను, చూడండి: "మీ రాత్రి ఫోటోని పర్యాటకం విభాగంలోకి జరిపి, పగటి ఫోటోని సమాచారపెట్టెలో పెట్టాలని అనుకుంటున్నాను. కారణం: రాతి రంగు, గుడి ముందుభాగం పగటి ఫోటోలో తెలుస్తాయి. పగటి ఫోటో నేను తీసినదే, అందుకని ఇంకొకరు చూసి చెబితే మేలు. అభ్యంతరం ఉంటే వారంలో చెప్పండి." అంతవరకు వ్యాఖ్యని మాత్రం "దక్షిణం వైపు నుంచి, రాత్రి వేళ" అని సరిచేశాను. అది తప్పుడు సమాచారం కదా, ఆగక్కర్లేదు అనుకున్నా.

గోదారిగట్టు
"నేను తీసినదే" అని రాయడం మంచి పని చేశారు. అది దాచి వాదిస్తేనే చిక్కు.

ఓరుగల్లు పోరడు
వ్యాఖ్య మార్చినవ్, మంచిగున్నది. ప్రత్యామ్నాయ పాఠ్యం మార్చినవా? బొమ్మ కనబడనోళ్ళకు తెరచదువరి చదివి వినిపించేది గదే. గండ్ల ఇంక "తూర్పు ద్వారం, నీలాకాశం" అనే ఉన్నది.

చింతచిగురు
అయ్యో. ఇప్పుడే మారుస్తున్నా.